మెదక్ జట్టులో ఎనిమిదో మనిషి

"లేవకు, కూసో," అన్నాడు మా ఆయన.

"కూసున్ననయ్యా," అన్నాను.

మా ఇద్దరి ఆఖరి మాటలివే. దవఖాన మంచం మీద ఆయన, పక్కన స్టూలు మీద నేను. ఈ కాస్త మాట వెనక ఎంత పెద్ద కొంప మునిగిందో వినండి. మెదక్ పరువంతా నా రెండు చేతులతో తూప్రాన్‌కు అప్పజెప్పాను. నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే మా మరిది కూతురు సుగుణ రాస్తోంది.

ఆ కొంప మునిగిన నాటికి మా పెళ్లయి ఏడాది. ఆయన చర్చి బెంచీలు బాగుచేసే వడ్రంగి. పని దిగితే కబడ్డీయే లోకం. ఒక ఆదివారం పాస్టరయ్య చెప్పాడు: "మనిషి తన్ను తాను మరిచిపోతేనే తనకంటె పెద్దదాన్ని అందుకుంటడు. పాటలగాని, సభలగాని, ఆటలగాని!"

నాకు దిగులు పట్టుకుంది. కీర్తన పాడుతుంటే నాకు పొయ్యి మీది పప్పు గుర్తొస్తుంది. ఎలక్షన్ సభలో జనమంతా జై కొట్టి ఊగిపోతుంటే, నేను నా చెప్పుల మీద ఓ కన్నేసి ఉంచుతాను. నన్ను నేను మరవడమా? కొంగు ముడి కూడా మరవను!

ఆ వారమే మా మెదక్ జట్టుకు తూప్రాన్ జట్టుతో కబడ్డీ ఆట. గెలిచిన జట్టు హైదరాబాద్ పోయి ఆడుతుంది. అక్కడ ఆడాలని మా ఆయన మీసాలు రాకముందు నుంచీ కలగంటున్నాడు. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఆఖరి కూతకు ఆయనే పోయాడు. ఒకణ్ణి ముట్టి తిరిగొస్తుంటే ఐదుగురు మీద పడ్డారు, గడ్డివాము కూలినట్టు. కూత సన్నబడుతోంది. కింద నుంచి ఒక్క చెయ్యి నడిమి గీత వైపు పాకుతోంది. గీత అందితే గెలుపు, ఊపిరి తెగితే ఓటమి.

తర్వాతేమైందో నాకు తెలియదు. నిజం! పప్పు లేదు, చెప్పుల్లేవు, అసలీ మార్తమ్మే లేదు. తెలివొచ్చి చూసుకుంటే బరి మధ్యలో ఉన్నాను. ఆయన మణికట్టు పట్టుకుని బావిలో పడ్డ ఎద్దును లాగినట్టు లాగుతున్నాను. వెనకాలే ఐదుగురు మగాళ్లూ జారుకుంటూ వస్తున్నారు!

విజిల్ మోగింది.

"ఎవలమ్మా నువ్వు?" అన్నాడు రెఫరీ.

"ఆయన పెండ్లాన్ని, సారూ."

"ఆడేది ఏడుగురు. నువ్వు ఎనిమిదోదానివా? ఆట తూప్రాన్‌ది, పోండ్రి!"

తూప్రాన్ కెప్టెన్ దుమ్ము దులుపుకుంటూ, "అక్కా, వచ్చేసారి మా దిక్కు ఆడరాదు? మస్తు బలమున్నది నీకు," అన్నాడు.

ఇంటిదాకా ఏడుస్తూనే నడిచాను. "నీ హైదరాబాద్ నేనే మింగిన గదయ్యా!"

"ఊకో మార్తా. నువ్వు రాకున్నా ఓడిపోదుము. నా ఊపిరి అయిపోయింది," అన్నాడాయన.

నమ్మాను. పదేళ్లు హాయిగా నమ్మాను.

ఆఖరి రోజు పొద్దున దవఖానలో దగ్గరికి పిలిచాడు. "అబద్దంతోని పోవద్దు మార్తా. ఆ దినం నా వేలు గీతకు తాకింది. నువ్వు రాకముందుకే."

స్టూలు మీంచి ఎగిరి లేచాను. "అంటే గెలిచినమా? ఇన్నేండ్లు చెప్పకపోతివా, ఓ మనిషీ!"

ఆయన నవ్వాడు. ఇక ఆ పైన మాటలు మీకు తెలిసినవే.

కాబట్టి బైబిలు మీద చెయ్యిపెట్టి చెబుతున్నాను: ఇకమీదట ఏ ఆటలోనూ లేవను. కడవరి బూర మోగి సమాధులన్నీ తెరుచుకున్నా సరే, ముందు ఆయన వేలు గీతకు తాకిందో లేదో చూసుకున్నాకే లేస్తాను.

ఏదీ సుగుణా, రాసింది జర చదువు బిడ్డా. కూసునే వింట.