పిన్ని దాచి ఉంచిన గొంతు

మా పిన్ని మొన్న ఆదివారం బందరులో కన్నుమూసింది. మొవ్వలో నేను పాఠాలు చెప్పే బడికి సెలవు కనుక ఇంట్లోనే ఉన్నాను. బాబాయి ఫోన్ చేసి, "మీ పిన్ని ఇక లేదమ్మా," అని మాత్రం అన్నాడు.

ఆమె ఏం పని చేస్తుందో చుట్టాలకి చెప్పడం కష్టంగా ఉండేది. గుడివాడలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తూ మొదలుపెట్టింది. తర్వాత ఖాళీ గదుల్లో గోడల మీద దృశ్యాలు వేసి, మూలమూలనా స్పీకర్లు పెట్టి, మనుషుల్ని మధ్యలో కూర్చోబెట్టేది. ఇన్‌స్టలేషన్ అంటారు దాన్ని. "సినిమా ఎప్పుడు మొదలవుతుందండీ?" అని అడిగినవాళ్లకి, "మొదలూ చివరా లేవండి, కాసేపు కూర్చోండి," అని చెప్పేది. జనాన్ని రానిచ్చే ముందు ఫ్యాన్లన్నీ ఆపించి, తనే నేలమీద కూర్చుని వినేది.

బందరులో పాత బియ్యం గోదాములో ఆమె పెట్టిన ప్రదర్శన మీలో కొందరైనా చూసే ఉంటారు. మూడు గోడల మీదా నాగాయలంక రేవు. పడవల మీంచి ఒకళ్లనొకళ్లు పిలుచుకునే గొంతులు. వాటిలో అందరికీ గుర్తుండిపోయింది ఒక బొంగురు గొంతు. అది రికార్డు చేసిన కొన్నాళ్లకే ఆ మనిషి వేటకెళ్లి తిరిగి రాలేదు. గోదాములో ఆ గొంతు వినిపిస్తోందని తెలిసి ఆయన భార్య వచ్చింది. విని, బయటికొచ్చి, "మా ఆయన గొంతు తీసెయ్యండి మేడంగారూ. నేను వినలేను," అంది.

"తీసేస్తానమ్మా," అంది పిన్ని.

అప్పుడే ఆ ప్రదర్శనకి ఒక పెద్ద నగరం నుంచి పిలుపొచ్చింది. ఆ గొంతు లేకపోతే వద్దన్నారు వాళ్లు. పిన్ని ఏళ్లుగా ఎదురుచూసిన అవకాశం అది. "రికార్డు చేసింది నేనే గానీ, గొంతు ఆ ఇంటివాళ్లది కదే," అంది నాతో. రానని ఆ నగరంవాళ్లకి చెప్పేసింది. కొన్నాళ్లు సరిగా అన్నం తినలేదు. అలాంటి పిలుపు మళ్లీ రాలేదు.

కిందటేడు ఆ పడవ మనిషి భార్యే, ఎదిగిన కూతుర్ని వెంటబెట్టుకుని పిన్ని ఇంటికి వచ్చింది. "దీనికి వాళ్ల నాన్న గొంతు గుర్తులేదంటండి. ఇంకా ఉందా మీ దగ్గర?"

ఉంది. అప్పటికే పిన్నికి ఒంట్లో బాగుండటం లేదు. అయినా ముందుగది ఖాళీ చేయించి, కిటికీలకు నల్లగుడ్డ కట్టించి, గోడమీద రేవు దృశ్యం వేసింది. తల్లీకూతుళ్లను కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, బయట మెట్టుమీద నా పక్కన కూర్చుంది.

"ఒరేయ్, తాడు వదలరా," అని ఆ బొంగురు గొంతు లోపలి నుంచి వినిపించింది. తర్వాత నీళ్ల చప్పుడు.

కాసేపటికి ఆ అమ్మాయి తలుపు కొంచెం తీసి, "ఇంకోసారి వినొచ్చాండీ?" అంది.

పిన్ని గోడ పట్టుకుని లేచింది. తలుపు సందులోంచి వచ్చిన నీలం వెలుగు ఆమె చీర కుచ్చెళ్ల మీద పడింది.