ఎందుకు తీసుకెళ్లారని అడిగే హక్కు

మొన్న బందరు నుంచి గుడివాడ వెళ్తున్న బస్సులో, నా ముందు సీట్లో కూర్చున్న కుర్రాడొకడు ఫోను చెవికి ఆనించుకుని, బస్సంతా వినపడేలా ప్రభుత్వాన్ని ఏకిపారేస్తూ పెడన దాకా వచ్చాడు. వెనక సీటాయన ఉండబట్టలేక వాదనకు దిగారు, కండక్టరు టిక్కెట్లు కొట్టడం మానేసి వింటూ నిలబడ్డాడు, నేను మాత్రం రోడ్డు మీద జీపేదైనా వస్తోందేమోనని కిటికీలోంచి చూశాను. ఏ జీపూ రాలేదు. ఆ కుర్రాడు పెడనలో దిగి తన దారిన తను పోయాడు. ఈ వయసులో ఇదేం భయమే నీకు అని నన్ను నేనే తిట్టుకున్నాను గానీ, నా ఈడు వాళ్లెవరైనా పక్కనుంటే వాళ్లూ అలాగే చూసి ఉండేవారు.

ఎమర్జెన్సీ రోజుల్లో నేను పెడనలో మా పిన్ని వాళ్లింట్లో ఉండి బందరు కాలేజీకి వెళ్లేదాన్ని. బాబాయిది కలంకారీ అద్దకం పని. చెక్క అచ్చును రంగులో అద్ది గుడ్డ మీద పెట్టి గుప్పిటతో ఒక్కటి గుద్దాడంటే పువ్వు అంగుళం అటూ ఇటూ పోయేది కాదు, నోరు మాత్రం ఎటు పోతుందో ఎవరికీ తెలిసేది కాదు. పొద్దున్నే టీకొట్టు దగ్గర తోటి అద్దకంవాళ్లకు పేపరు చదివి వినిపించడం తన అలవాటు. ఒకరోజు సెన్సారువాళ్లు తీయించేసిన చోట పేపర్లో ఖాళీ కనబడితే, ఆ తెల్లకాగితాన్నే వేలితో వరస వెంట వరస చూపిస్తూ, పెదాలు కదుపుతూ, చప్పుడు లేకుండా చదివి అందర్నీ నవ్వించాడట. మర్నాడు పోలీసు జీపొచ్చి బాబాయిని ఎక్కించుకుపోయింది. చేసిన నేరమల్లా అదే.

కబురందగానే కోడూరు నుంచి మా నాన్నగారు వచ్చారు. ఆయన కంగారు పడకపోవడానికి కారణం ఉంది. మా దివిసీమలో శివారు పొలాలకు కాలువ నీళ్లు అందరికన్నా చివర వచ్చేవి, అసలు వస్తే. దాంతో ఏటా పైఊళ్లవాళ్లతో గట్టు మీద గొడవ, ఎవరో ఒకరు తూము తలుపు ఎత్తేయడం, పోలీసులు నలుగుర్ని పట్టుకెళ్లడం, ప్లీడరుగారు బందరు కోర్టులో బెయిలు తెప్పించడం, పొద్దుగూకేలోపు అందరూ ఇల్లు చేరడం, ఇవన్నీ మావాళ్లకు ఊడ్పులంత మామూలు. అలా వచ్చినవాళ్లు పెరట్లో తల మీదుగా వేణ్ణీళ్లు పోసుకుంటేగానీ గడప దాటకూడదని మా ఆడవాళ్ల పట్టింపు. అందుకని నాన్నగారు ఉతికిన పంచె కట్టుకుని, "నీళ్లు కాచి ఉంచమ్మాయ్, సాయంత్రం బస్సుకి తీసుకొచ్చేస్తా" అని పిన్నికి చెప్పి మరీ బయల్దేరారు.

పిన్ని డేగిసా నిండా నీళ్లు పెట్టి కొబ్బరి డొక్కలు ఎగదోస్తూ కూర్చుంది. సాయంత్రం నాన్నగారు ఒక్కరే వచ్చారు. వచ్చి అరుగు మీద కూలబడి, కండువాతో మొహం తుడుచుకుంటూ జరిగింది చెప్పారు. కేసంటూ ఉంటే కదండీ బెయిలు అడగడానికి, ఎందుకు తీసుకెళ్లారని అడిగే హక్కే ఇప్పుడు లేదు, కోర్టు తలుపు తట్టినా పలికేవాళ్లు లేరు అని ప్లీడరుగారు చెప్పారట. కాలువ గొడవకు దొరికిన న్యాయం నవ్వించినందుకు దొరకదంటే నాన్నగారికి బుర్రకెక్కలేదు. పిన్ని ఏడవలేదు. కాచిన నీళ్లు ఒక చెంబులోకి వంచి, "కాళ్లు కడుక్కోండి బావగారూ" అని ఆయన ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఏ జైల్లో పెట్టారో తెలియడానికే వారాలు పట్టింది. ఎప్పుడు వదులుతారో చెప్పగలిగినవాళ్లు లేరు. రోజూ పప్పుకో ఉప్పుకో వచ్చే ఇరుగమ్మలూ పొరుగమ్మలూ మా గుమ్మం వైపు చూడటం మానేశారు, వాళ్లనని ఏం లాభం, వాళ్లకూ మొగుళ్లున్నారు. చివరికి ఎన్నికలు ప్రకటించాక బాబాయిని వదిలేశారు. చిక్కి సగమై వచ్చాడు, పెరట్లో స్నానం చేసి గడప దాటాడు, ఇల్లంతా పండగైపోయింది.

పిన్నికి తప్ప. బాబాయి పేపరు విప్పితే చాలు, లేచి వెళ్లి వీధి కిటికీ మూసేసేది. నెమ్మదిగా, నెమ్మదిగా అంటూ పెదాల మీద వేలు పెట్టేది. బాబాయి కూడా టీకొట్టుకు వెళ్లడం మానేశాడు. క్షేమంగా తిరిగొచ్చాక ఇంకా ఏం భయం అని నాకు ఒళ్లు మండేది.

తరవాత ఒకనాడు ఆ ప్లీడరుగారే దుప్పట్లు కొనడానికి మా ఇంటికి వచ్చి, కాఫీ తాగుతూ రాజ్యాంగానికి కొత్తగా చేసిన సవరణ గురించి చెప్పారు. ఇకమీదట ఎమర్జెన్సీ పెట్టినా సరే, మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకీ ఉన్న హక్కును పక్కన పెట్టడానికి వీల్లేదట. వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న పిన్ని ఎన్నడూ లేనిది మధ్యలో కల్పించుకుని అడిగింది.

"అంటే, మళ్లీ తీసుకెళ్తే ఎందుకని అడగొచ్చాండీ?"

"అడగొచ్చమ్మా. కోర్టు వినాల్సిందే."

పిన్ని అక్కడే గుమ్మంలో కూర్చుని భోరున ఏడ్చింది. ఎత్తుకెళ్లిన రోజున రాని కన్నీళ్లు, తిరిగొచ్చిన రోజున రాని కన్నీళ్లు. బాబాయి రంగు చేతులతోనే వచ్చి, పట్టుకోవాలో వద్దో తెలియక పక్కన నిలబడిపోయాడు. నాకైతే గుండెల మీంచి బండ దించినట్టయింది. ఆ వారమే వీధి కిటికీ తెరుచుకుంది. ఇంకొన్నాళ్లకు బాబాయి పేపరు గొణుక్కుంటూ చదువుతుంటే, "గట్టిగా చదవండి, వంటింట్లోకి వినపడట్లేదు" అని పిన్ని కేకేసింది.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. అన్యాయాలన్నీ పోయాయని నేననను, ఆ మాట అంటే బాబాయే నవ్వుతాడు. కానీ భయపడకుండా మాట్లాడటం గాలి పీల్చినంత మామూలైపోయింది, అది ఒకప్పుడు లేదని చెప్పేవాళ్లం తగ్గిపోతున్నాం. నలభై నాలుగో సవరణ అని ఎన్నిసార్లు చెప్పినా పిన్నికి ఆ అంకె చివరిదాకా గుర్తుండలేదు. మా ఆయన్ని నాకిచ్చిన చట్టం అనేది. అదొచ్చేనాటికే బాబాయి ఇంటికొచ్చి చాలా కాలమైంది కదా అని నేను సరిదిద్దబోతే, నా వైపు జాలిగా చూసి చెప్పింది. "ఇంటికి రావడం అప్పుడే వచ్చారే. వాళ్లు వదిలారు కాబట్టి వచ్చారు. నాకు దక్కింది మాత్రం ఇదొచ్చాకే."