మావాడంటే ఏ వరస?

వెట్టిచాకిరీ పోయినందుకు గుర్తుగా నందివాడ పక్కన మా ఊళ్లో ఏటా ఒక సభ జరుగుతోంది. రెండువేల సంవత్సరం దాటాక దళితవాడ కుర్రాళ్లు మొదలుపెట్టారు. ఒకప్పుడు అప్పు కింద రైతుల ఇళ్లల్లో కట్టుబడి పనిచేసిన పెద్దవాళ్ల పేర్లు చదివి, వేదిక మీదకు పిలిచి శాలువా కప్పుతారు. మొదటి సభలో మా పాత పాలేరును కూడా పిలవాలనుకున్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు.

రైతుల తరఫున మాట్లాడమని ముందుగా నాకు మైకు ఇచ్చారు.

"ఈయన్ని వెట్టివాళ్లలో కలపకండి. మేమెప్పుడూ పాలేరనుకోలేదు. మావాడు. ప్రతి ఉగాదికీ కొత్త పంచె పెట్టేవాళ్లం" అన్నాను.

ఆయన భార్య కూర్చున్నచోటి నుంచే అందుకుంది. "మీవాడంటే ఏ వరసండీ అబ్బాయిగారూ? బాబాయా, మావయ్యా? చెబితే మీ ఇంటి పెళ్లి పిలుపుల కోసం మేమూ చూస్తాంగా!"

జనం గొల్లుమన్నారు. నేనూ నవ్వేశాను. బస్సు కండక్టర్ని బావా అని, టీకొట్టాయన్ని బాబాయ్ అని పిలిచే ఊరు మాది. ఆయన్ని మాత్రం మా ఇంట్లో పసిపిల్లలతో సహా అందరం "ఒరేయ్" అనేవాళ్లం.

సభ నడిపే కుర్రాళ్లు నావైపు చూశారు. వాళ్ల ఇళ్లవాళ్లు కూలికొచ్చేది మా పొలాలకే. ఆయన పేరు చదవలేదు. ఆయన లేచి వెళ్లిపోయారు.

పంచె సంగతి నేను సగమే చెప్పాను. వాళ్ల నాన్న తన పెళ్లి ఖర్చుకని మా తాత దగ్గర తీసుకున్న అప్పు కొడుకైన ఈయన మీద పడింది. ఉగాదినాడు ఆ పంచె అందుకుంటే మరో ఏడాది మా ఇంట్లో చేయడానికి ఒప్పుకున్నట్టు. తొంభైల్లో ఒక ఉగాదికి ఆయన అందుకోలేదు. దివిసీమలో, కోడూరు దగ్గర రొయ్యల చెరువుకు కాపలాగా వెళ్లిపోయారు. మా నాన్న తీసుకురమ్మని నన్ను పంపారు. అప్పటికే డిగ్రీ అయినవాణ్ణి, వెట్టి నేరమని చదువుకున్నవాణ్ణి.

"మీ ఆవిడ ఊళ్లోనే ఉందిగా, ఆలోచించుకో" అన్నాను చెరువుగట్టు మీద. అంతకుమించి ఏమీ అనలేదు. అనక్కర్లేకపోయింది. దారంతా ఆయన నా భుజం తగలకుండా స్కూటరు వెనక స్టెప్నీ పట్టుకుని కూర్చున్నారు. ఇంటికి రాగానే పంచె అందుకున్నారు.

సభ అయిన కొన్నాళ్లకు వాళ్లింటికి వెళ్లాను. తప్పు మాట్లాడానని ఆయనతో చెప్పాను.

"నాకెందుకు చెప్తారు బాబూ? నాకు తెలీదా ఏంటి? మైకులో అన్నారుగా, మైకులోనే చెప్పండి."

"వచ్చే ఏడాది సభలో చెప్తాను."

"మీ ఇంట్లో అన్నీ ఏడాది లెక్కలే" అని నవ్వారు.

ఆ వానాకాలంలోనే ఆయన పోయారు. తర్వాతి సభకు నేనూ వెళ్లాను. ఆయన పేరు చదువుతారేమోనని ఎదురుచూశాను. చదవలేదు. నా మాటే నిలిచిపోయింది. లేచి మైకు అడగడానికి నాకు నోరు రాలేదు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆయన మావాడు కాదు. మా దగ్గర వెట్టి చేసిన మనిషి. తప్పించుకుపోతే వెనక్కి తెచ్చింది నేను. సభ నడిపే పిల్లలు ఇది చదివితే, ఈసారి ఆయన పేరు చదవండి. శాలువా వాళ్లావిడకు ఇవ్వండి. అందుకోవడం, మానడం ఆవిడ ఇష్టం.