ఎండ పోయిన మిద్దె

పురసవాక్కం హైరోడ్డు పక్క సందులో చెంగమ్మ వడియాలంటే ఎరగని తెలుగిల్లు లేదు. వడియాలు పెట్టే ఆనవాయితీ లేని కుటుంబాలు ఎండాకాలం రాగానే ఆమె గడప ఎక్కేవి. భర్త చిన్నస్వామి పోయాక ఆమెకు మిగిలినవి చిన్న మిద్దె, ఒక రుబ్బురోలు, ఎవరినీ నమ్మని బుద్ధి. మినప్పప్పు కొంటే కొరికి చూసేది. ఇంగువ కొంటే అంగడివాడి ఎదుటే నీళ్ళలో కరిగించి చూసేది. తన చేతి వడియం తిని ఎవరికైనా కడుపు నొచ్చిందన్న మాట పుడితే ఆ గడప మళ్ళీ ఎవరూ ఎక్కరని ఆమెకు తెలుసు.

ఆమె మిద్దెకు తూర్పున మామిడిచెట్లతో ఒక పాత బంగళా ఉండేది. దాన్ని కూలగొట్టి ఒక మిల్లు యజమాని ఎనిమిదంతస్తుల మేడ లేపాడు. అన్నీ కలవారి కాపురాలే. ఇనపపెట్టెలో నిలబడితే అదే పైకి తీసుకుపోతుందట. కుళాయి తిప్పితే వేడినీళ్ళట. మేడవాళ్ళ కార్లకు చోటు కావాలని జట్కాలను వీధి చివరకు తరిమారు. పాలవాడు ముందు మేడకు పోసి, మిగిలింది సందుకు తెచ్చేవాడు. సందులో బావినీళ్ళు అడుగంటితే అదీ మేడ పనేనంది చెంగమ్మ.

కార్తీకంలో మేడ నీడ పక్కింటి మీద పడుతుంటే ఆమె ఊరట పడింది. చైత్రం వచ్చేసరికి పొద్దు పొడిచే చోటు జరిగింది, నీడ వచ్చి ఆమె మిద్దె మీద కూర్చుంది. పచ్చి వడియానికి పొద్దుటి ఎండ తగలకపోతే పిండి పులిసి వాసనేస్తుంది. మొదటి వాయి అట్లాగే పోయింది.

మేడ యజమాని కుటుంబం తమ వాటాలో గృహప్రవేశం చేసిన మర్నాడు మేనేజరు బాలసుందరం వచ్చాడు. వెనక ఒక కూలి, వాడి తల మీద బుట్టెడు బూడిదగుమ్మడికాయలు.

"ఏమ్మా, మా పెరియమ్మగారు, అయ్యగారి తల్లి, పంపినారు. మీకు ఎండ లేదని ఆమెకు తెలిసింది. మా మొట్టమాడి ఖాళీగానే ఉండాది, ఎనిమిదో అంతస్తుపైన మిద్దె. ఆడ ఆరబెట్టుకోమని చెప్పమన్నారు."

"బాడిగెంత?"

"ఊరికేనమ్మా."

ఆ మాటతో చెంగమ్మకు అనుమానం పుట్టింది. ఊరికే ఇచ్చేవాడిని ఆమె ఇంతవరకు చూడలేదు.

నిండు గుమ్మడికాయకు మొదటి కత్తి మగవాడు పెట్టాలి. ఏటా ఆ పని చేసేది వడ్రంగి యతిరాజులు. మేడ తలుపులు బిగించిందీ అతనే. కత్తి ఎత్తబోతుంటే చెంగమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"నిజం చెప్పు. ఇవి దిష్టి తీసినవేనా?"

"రెండు కుప్పలుండె అక్కా. వాకిట్లో ఒకటి, మెట్లకింద ఒకటి. ఇవి ఏ కుప్పవో నాకెట్ల తెల్సును?"

"దిష్టి తిప్పినవి ఏ కుప్ప?"

"నేను ఆ పొద్దు బోంచేస్తా ఉండాను. పాయసం బాగుండె."

"నీ పాయసం తగలబడ! నువ్వూ వాళ్ళ మనిషివి అయిపోయినావు."

"సరి, పోతా. నీ కాయ నువ్వే కోసుకో."

తను కోయకూడదు గనుక అతన్ని బతిమాలి నిలిపింది. కోయించే ముందు లెక్క వేసుకుంది. కాయలు తిప్పి పంపితే మొట్టమాడి పోతుంది. వడియాలు చేసి అమ్మితే, దిష్టి గుమ్మడికాయ తినిపించిందని రేపు ఊరంతా అంటుంది. చివరికి వాళ్ళవి వాళ్ళకే అనుకుని కాయలు కోయించింది. ఊరికే ఇచ్చే మొట్టమాడిని ఇంకా నమ్మక, జట్కాలు నిలిచే చోట నులకమంచం వేసి, దాని మీద పలచటి గుడ్డ పరిచి ఆరబెట్టింది. దుమ్ము పడే చోట పెట్టినవి అమ్మడానికి పనికిరావు. మేడకు పనికొస్తాయి.

వడియాలన్నీ డబ్బాలో పోసి పంపేసింది. పెరియమ్మగారు పిలుస్తున్నారని మర్నాడే కబురు వచ్చింది.

ఇనపపెట్టె ఎక్కనని మెట్లెక్కి వెళ్ళింది. యజమాని తల్లి పుష్పవల్లి సన్నగా, నిటారుగా కుర్చీలో కూర్చుని ఉంది. ఎదుట పళ్ళెంలో వేయించిన వడియాలు.

"రా చెంగమ్మా. తిను."

"ఈ పొద్దు ఒక్కపొద్దమ్మా."

"మంగళవారమా? నిన్న సోమవారం నువ్వు కాఫీ అంగట్లో ఇడ్లీ తింటివని మా పనిపిల్ల చెప్పిందే."

"మంగళవారం కొత్తగా పట్టినాను."

పుష్పవల్లి నవ్వలేదు. "నీ ఎండ మా మేడ మింగింది. అట్లాంటిదానివి డబ్బాడు వడియాలు ఊరికే పంపితివి. నాకు అనుమానం రాదా? ఇంట్లో ఒకరినీ ముట్టనీలేదు. నువ్వు తిన్నాక తింటాం."

చెంగమ్మ ముఖం మండింది. తన చేతి వడియాన్ని మొదటిసారి ఒకరు ఇట్లా చూస్తున్నారు. తినకపోతే ఈ మాట పనిపిల్ల నోట సందులోకి దిగుతుంది, సందులోంచి ఊళ్ళోకి పోతుంది.

"మీరు పంపిన కాయలు దిష్టి తిప్పినవి కాదని చెప్పండి, తింటా."

ఈసారి ముసలామె ముఖంలో రంగు మారింది. "మెట్లకింద ఉండేవి పంపమంటిని. ఆ మేనేజరు ఏవి పంపినాడో..." అని ఆగింది. పళ్ళెం వంక ఇద్దరూ చూశారు.

"ఇద్దరం ఒక్కసారే తిందాం" అంది పుష్పవల్లి.

చెరొకటి తీసుకున్నారు. ఎదుటి మనిషి నోటివంకే చూస్తూ కొరికారు. కరకరమని రెండు చప్పుళ్ళు కలిశాయి. చెంగమ్మ పంటికింద ఇసక రేణువు తగిలింది. ముఖం కదలనివ్వకుండా మింగింది.

"పులుపు లేదు, ఇంగువ సరిపోయింది" అని పుష్పవల్లి ఇంకొకటి తీసుకుంది. "రేపటినుంచి పైన పెట్టుకో." బొడ్లో దోపుకున్న మొట్టమాడి తాళంచెవి తీసి ఇచ్చింది.

చెంగమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొంగున ముడివేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"రెండో తాళంచెవి ఎవరికాడ ఉండాదమ్మా?"