చప్పుడు చేయని పంపు

ఆఫీసులో ఆమెను ఎదురుగా మేడమ్ అని, వెనక తాళాలమ్మ అని పిలిచేవారు. రెండో పేరు కూడా ఆమెకు తెలుసు. తెలియనట్టు ఉండడం ఉద్యోగధర్మాల్లో ఒకటి కాబట్టి అలాగే ఉండేది.

ఆమె పనిచేసే కంపెనీ ఆసుపత్రులకు మందు పంపులు తయారుచేస్తుంది. మంచం పక్కన కడ్డీకి తగిలించి, సంచిలోని మందును సన్నటి గొట్టం ద్వారా రోగి నరంలోకి కొద్దికొద్దిగా ఎక్కించే పెట్టె అన్నమాట. ఆ పెట్టెలో ఒక చిన్న కంప్యూటరు, దానికో ఆపరేటింగ్ సిస్టమ్, ఆ సిస్టమ్ నడిబొడ్డున కెర్నెల్. కెర్నెల్‌లో కూర్చుని మోటారుతోనూ బ్యాటరీతోనూ అలారంతోనూ మాట్లాడే ప్రోగ్రాములను డ్రైవర్లంటారు. తాళాలమ్మ డ్రైవర్లు రాస్తుంది. ఈ సంగతి వాళ్ళ అత్తయ్య ఎవరికి చెప్పినా "లైసెన్సు ఉందా?" అని అడిగేవారు. అత్తయ్య "ఉండే ఉంటుంది" అనేది.

రెండు డ్రైవర్లు ఒకే వస్తువు మీద ఒకేసారి చెయ్యి వేయకుండా కెర్నెల్‌లో తాళాలుంటాయి. ఎవరు వేశారు, ఎవరు ఎప్పుడు తీస్తారు అన్న విషయంలో ఆమె చాదస్తం జగత్ప్రసిద్ధం, అంటే మూడో అంతస్తు మొత్తానికి తెలుసు. ఎవరైనా తాళం వేసి తీయడం మరిచిపోతే ఆమె తిట్టేది కాదు. వాళ్ళ పక్కన కుర్చీ లాక్కుని, "మీ ఇంట్లో బాత్రూమ్ ఒకటేనా?" అని అడిగేది. అడిగించుకున్నవాళ్ళు జన్మలో మళ్ళీ మరిచిపోలేదు.

తాళాలతో పాటు ఉమ్మడి క్యూ అని మరొకటుంది. తీరిగ్గా చేసుకోదగ్గ చిల్లర పనులను డ్రైవర్లన్నీ అందులో వరసగా నిలబెడతాయి. ఆ పెట్టెలో ఒకటి పూర్తయ్యాకే రెండోది మొదలవుతుంది. అలారం మోగించడం చూడబోతే రెండు లైన్ల ప్రోగ్రాము పని. దాన్నీ అందులోనే నిలబెట్టారు. దీనికి విడిగా ఒక క్యూ పెడదామా అని మీటింగులో అడిగింది తాళాలమ్మే. ఏ మాటకైనా ముందు 'అవసరమా?' అనడం వల్ల అవసరమా సార్‌గా కీర్తి గడించిన ఆమె పై అధికారి, ఆ రోజు కూడా కీర్తికి భంగం రానివ్వలేదు. ఆలోచిస్తే ఆమెకూ అవసరం లేదనిపించింది. తాళాలన్నీ సరిచూసి సంతకం పెట్టింది. పంపులు ఆసుపత్రులకు వెళ్ళాయి.

ఆమెను పెంచింది మేనమామ, ఆ అత్తయ్య భర్త. బట్టల మిల్లులో మగ్గాల మధ్య బతుకంతా గడిపిన మనిషి. ఆ హోరుకు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది తనకిష్టమైన మాటలకే పనిచేసేది. ఆయనకు పొట్టలో ఆపరేషన్ అయింది. ఆపరేషన్ తర్వాత బీపీ పడిపోతూంటే, పడకుండా నిలబెట్టే మందు ఎక్కిస్తున్నారు. ఎక్కిస్తున్న పంపు మేనకోడలి కంపెనీదే. ఆ సంగతి ఆయన వార్డంతా చాటాడు.

మధ్యాహ్నం చూడ్డానికి వెళ్ళేసరికి అత్తయ్య మంచం పక్కన కమలాపండు ఒలుస్తోంది. మామయ్య ముఖం కాస్త పాలిపోయినట్టుంది గానీ నోరు బాగానే ఉంది.

"మీ పంపు బంగారమే తల్లీ," అన్నాడు. "మొన్నటిదాకా గొట్టం మీద మోచెయ్యి ఆనితే చాలు, గయ్యిమని లేచేది, అచ్చం మీ అత్తయ్యలాగ. నిన్నటి నుంచి కిక్కురుమంటే ఒట్టు."

"మధ్యలో నన్ను లాగకపోతే మీకు మందు ఎక్కదా?" అంది అత్తయ్య.

"నిజమే మేడమ్," అంది పక్క మంచం దగ్గరి నర్సు. "ఈ వార్డులో బుద్ధిమంతురాలు ఇదొక్కటే. మిగతావాటి గోలతో చచ్చిపోతున్నాం."

మెచ్చుకుంటే పొంగిపోవడం మానవ సహజం. తాళాలమ్మ కూడా ఒక క్షణం పొంగింది. తర్వాత మామయ్య మోచేతి వంక చూసింది. అది గొట్టానికి ఆనుకునే ఉంది.

మిల్లు రోజుల్లో ఈయన మగ్గం మోగుతున్నంతసేపూ హాయిగా కబుర్లాడి, మోత ఆగితే మాత్రం పరుగెత్తేవాడట. అది చెప్పింది ఆయనే. ఇప్పుడు ఆయనే వెల్లకిలా పడుకుని నిశ్శబ్దాన్ని పొగుడుతున్నాడు.

పంపు తెర మీద గడియారం నడుస్తోంది. పచ్చలైటు వెలుగుతోంది. అంతా నిమ్మకు నీరెత్తినట్టు ఉంది.

"మీ అమ్మ కూడా చిన్నప్పుడు ఇంతే," అంటూ మొదలుపెట్టిన మామయ్య అక్కడే ఆగాడు. రెప్పలు వాలాయి.

"ష్, కునుకు పట్టినట్టుంది," అంది అత్తయ్య, ఆయన మేలుకోకూడదని గొంతు తగ్గించి. నర్సు కూడా అడుగులు మెల్లగా వేసింది. అందరూ కలిసి ఆ నిశ్శబ్దాన్ని ఎంతో శ్రద్ధగా కాపాడారు.

తాళాలమ్మ మామయ్య చెయ్యి పట్టుకుంది. చల్లగా, చెమటగా ఉంది. పంపు దగ్గర్నుంచి గొట్టం వెంట వేలు పోనిస్తూ వచ్చింది. మోచెయ్యి దాటాక, మంచం కమ్మీ మడతలో గొట్టం నలిగి, కాగితంలా చదునై ఉంది. మందు వెళ్ళడం లేదు. వెళ్ళనప్పుడు అరిచి చెప్పాల్సిన పెట్టె నోరు మెదపలేదు.

ఆమె లాగబోతే నర్సు గబుక్కున చెయ్యి పట్టుకుంది.

"లాగకండి. వెనక మందు ఒత్తుకుని ఉంటుంది, ఒక్కసారిగా లోపలికి పోతుంది."

నర్సు చేతి దగ్గర గొట్టానికి క్లిప్పు వేసి, తర్వాతే మడత విడదీసింది. అటుపైన వార్డులో చాలా చప్పుడయింది. డాక్టరు వచ్చాడు, మంచం కాళ్ళవైపు ఎత్తారు, ఇంకో పంపు తెచ్చారు. అత్తయ్య చేతిలో కమలాపండు తొనలు అలాగే ఉండిపోయాయి.

బీపీ నిలబడిందని డాక్టరు చెప్పాక తాళాలమ్మ వరండాలో నర్సును అడిగింది. "నిన్న పంపు వెనక, మీ కంప్యూటరుకి వెళ్ళే డేటా వైరు ఎవరైనా పీకారా?"

"మంచం జరిపేటప్పుడు పీకి మళ్ళీ పెట్టాం. రోజూ చేసేదే మేడమ్. పీకకూడదా?"

పీకవచ్చు. ఆ వైరును చూసుకునే డ్రైవరు రాసినవాళ్ళదీ తప్పు కాదు. వైరు పీకగానే అది బ్యాటరీకీ తనకూ ఉమ్మడిగా ఉన్న దారికి తాళం వేసి, క్యూలో ఉన్న పనులన్నీ అయ్యేదాకా తీయనని కూర్చుంది. జాగ్రత్త మంచిదే. కానీ క్యూలో ముందు నిలబడ్డది బ్యాటరీ పని. దానికి కావలసింది ఆ తాళమే. ఇదెలాగంటే, ఒకాయన బీరువా తాళంచెవి జేబులో వేసుకుని, కౌంటరు ముందు జనమంతా వెళ్ళాకే ఇస్తానన్నాడు. జనంలో మొదటివాడు వచ్చింది ఆ తాళంచెవి కోసమే. అతని వెనక, ఇల్లంటుకుందని చెప్పడానికి వచ్చినవాడు వంతు కోసం మర్యాదగా నిలబడ్డాడు. ఆ మర్యాదస్తుడు తాళాలమ్మ రాసిన అలారం. బల్ల మీద ఎన్నిసార్లు పరీక్షించినా వైరు పీకడమూ బ్యాటరీ పనీ ఒకే క్షణంలో తారసపడలేదు. తాళాలన్నీ చూసిన మనిషికి, క్యూ ఖాళీ అయ్యేదాకా ఆగుతాననడం కూడా తాళం వేయడమేనని తోచలేదు.

అక్కణ్ణుంచే అవసరమా సార్‌కి ఫోన్ చేసింది. ఆయన అంతా విన్నాడు.

"సరిచేయడానికి ఏం కావాలి?" అన్నాడు.

"అలారానికి సొంత క్యూ కావాలి సార్. వైరు డ్రైవరు తన పని ఒక్కటే రద్దు చేసుకోవాలి, అది కూడా తాళం వదిలేశాక. ఊళ్ళోవాళ్ళ పనులన్నీ అయ్యేదాకా కూర్చోకూడదు."

"చేసెయ్యండి," అన్నాడాయన. అలవాటు ప్రకారం 'అవసరమా?' అనలేదు. అది విని ఆమెకు మరీ భయం వేసింది.

లోపల మామయ్య కళ్ళు తెరిచాడు. కొత్త పంపు వేరే కంపెనీది, చెయ్యి కదిలినప్పుడల్లా గయ్యిమంటోంది. "ఇదేం గోల," అన్నాడు నీరసంగా. "మనదే నయం."

"నోర్మూసుకుని వినండి," అంది అత్తయ్య. అప్పుడు ఏడ్చింది.

పంపులన్నిటిలో కొత్త ప్రోగ్రాము ఎక్కించేదాకా ఆగడానికి లేదు. పంపులు మోగుతున్నాయా అని అడుగుతూ, కొన్న ప్రతి ఆసుపత్రికీ సాయంత్రమే ఫోన్లు మొదలయ్యాయి. తాళాలమ్మ వరండా బెంచీ మీదే కూర్చుని తన వంతు చేసింది. చాలామంది విసుక్కున్నారు, రోజంతా అలారాల గోలేనని, వచ్చి బాగుచేయమని. విసుక్కున్న ప్రతివాళ్ళకూ ఆమె మనస్ఫూర్తిగా దణ్ణం పెట్టుకుంది.

తర్వాత ఒక ఆసుపత్రిలో ఎవరో మంచిమనిషి ఫోన్ తీసింది. నవ్వుతూ మాట్లాడింది.

"మావి ఏ ఇబ్బందీ లేవండీ. మొన్న వార్డుకి సున్నాలు వేయించాం, అన్నీ పీకి మళ్ళీ పెట్టాం. అప్పట్నుంచి ఒక్కటి కూడా చప్పుడు చేయలేదు."