కేరళ టీచరు తెలుగు

మా చిన్నమ్మాయిని ఈ ఏడే మహబూబ్‌నగర్‌లో ఇంటర్నేషనల్ స్కూల్లో చేర్చాం. పాఠాలు ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లోనూ చెప్తున్నా, పిల్ల ఏ భాషలోనూ నోరు విప్పడం లేదని రోజూ ఓ గంట, పిల్లల చేత మాట్లాడించే కేరళ టీచరు దగ్గర కూర్చోబెడుతున్నారు. ఈ రోజు ఆమె రమ్మంటే, బడి మార్పించమంటారేమోనని భయపడుతూ, ఆమెకు తెలుగు రాదనుకుని దారంతా ఇంగ్లీషు మాటలు కూడబలుక్కుంటూ వెళ్లాను.

నన్ను చూడగానే ఆమె, "గట్ల నిలబడ్డవేందమ్మా, కూసో. ఫికర్ జెయ్యకు" అన్నారు.

అచ్చం మా పిల్ల మాట్లాడినట్టే!

"తెలుగు ఎవరు నేర్పిన్రు మేడం?"

"నీ బిడ్డనే. నేను తప్పు మాట్లాడితే మస్తు నవ్వుతది."

బడిలో నవ్వుతోందట. కళ్లు తుడుచుకున్నాను.

ఆ టీచరు ప్రిన్సిపాల్‌ను కూడా "కూసో" అనకముందే, "కూర్చోండి" కూడా నేర్పమని మా పిల్లకు చెప్పాలా? మీరేమంటారు?