రెండు వేలు తగ్గించిన పెట్రోలు మూత

బెల్లంపల్లిలో ఒక రిటైరైన బొగ్గుగని కార్మికుడి దగ్గర పాత అంబాసిడర్ కొన్నప్పుడు, పెట్రోలు ట్యాంకు మూత తాళంచెవి తీసుకోకుండా వచ్చాను. కావాలనే. ఇలాంటి బేరం కరీంనగర్ కిరాణా దుకాణాల మధ్య పెరిగినవాడికి తప్ప చేతకాదు.

ఆ రోజు ఆదివారం. తాళంచెవుల గుత్తి నడుముకు చెక్కుకుని ఆయన భార్య చర్చికి పోయింది. "అరగంటల వస్తది సేటూ, జర ఆగు" అన్నాడాయన. ఆగుతానా? ఆ ఒక్క లోపం చూపించే రెండు వేలు తగ్గించాను. ఆమె వచ్చి చెవి చేతిలో పెడితే నా రెండు వేలు పోతాయి. డబ్బిచ్చేసి, వాళ్ల వీధి మలుపు తిరిగేదాకా అద్దంలోకి కూడా చూడలేదు. ట్యాంకులో ఊరు చేరేంత పెట్రోలుంది. ఆ తర్వాత తాళాలవాడికి యాభై పడేస్తే సరిపోతుందనుకున్నాను.

తెల్లవారి సోమవారం. నిరుడు నాకు గుండె ఆపరేషన్ జరిగినప్పుడు అవ్వ, అంటే మా అమ్మ, వేములవాడ రాజన్నకు కోడె మొక్కింది. నేను బతికి బయటపడితే ఇద్దరం కోడె పగ్గం పట్టుకుని గుడి చుట్టూ తిరుగుతామని. సొంత కారులో తీసుకుపోతానని నేను వాడకట్టంతా చాటాను. ఆమె ఏమీ తినకుండా పొద్దున్నే ముందు సీట్లో కూర్చుంది. పెట్రోలు ముల్లు అడుగున పడి ఉంది. బంకులో ఒకాయన మూత రెండుసార్లు తిప్పి చూసి చెవి అడిగాడు. వెనక బండ్ల హారన్ల మధ్య కారును రోడ్డు పక్కకు నెట్టాం.

ముందు అమ్మినాయన మీద కోపం వచ్చింది. నా మీద రావడానికి ఇంకా సమయముంది. ఫోన్ చేసి చెవి బస్సులో పంపమని గట్టిగా అడిగాను.

"చెవి ఉన్నది సేటూ. దానికి రేటు నువ్వే కట్టినవ్ గదా, రెండు వేలు. గవి పంపు, ఇప్పుడే బస్సెక్కిస్త."

నా బేరాన్ని నాకే అమ్ముతున్నాడు. ఫోన్ పెట్టేశాను.

బంకు ఎదుటి తాళాల చాచా వచ్చాడు. రంధ్రంలోకి టార్చి వేసి చూసి మూడు వందలన్నాడు. నూట యాభై అన్నాను. ఆయన బేరమాడలేదు. అదే నన్ను మండించింది. సంచి సర్దుకుని నడిచాడు. మా బజారులో గిరాకీ నాలుగడుగులు వేస్తే దుకాణదారు వెనక్కి పిలుస్తాడు. ఇక్కడ దుకాణమే నడిచిపోతోంది. పిలవాల్సింది నేను. పిలవలేదు.

డిక్కీలోంచి స్క్రూడ్రైవర్ తీసి రంధ్రంలో దూర్చి సుత్తితో కొట్టాను. రెండో దెబ్బ జారి కారు రేకు సొట్టపోయింది. మూడో దెబ్బకు మొన విరిగి లోపలే ఉండిపోయింది. నాలుగోది ఊరికే కొట్టాను, కోపానికి.

అవ్వ కారు దిగింది.

"నీ పానానికి మొక్కిన మొక్కు కొడుకా ఇది. దానికి గూడ నూట యాభై కాడ బేరమాడుతున్నవా?"

బస్టాండు వైపు నడిచింది. బండిని అక్కడే వదిలి ఆమె వెంట పోవచ్చు. పోలేదు. మూత ముందు ఓడిపోయి పోవడమేమిటని పళ్లు కొరుకుతూ నిలబడ్డాను. ఆపరేషన్ చేసిన డాక్టరు నా గుండెనే చూశాడు, తలను చూడలేదు.

చాచాను నేనే పోయి పిలుచుకొచ్చాను. ఈసారి ఏడు వందలన్నాడు. "ముందు తాళం పనే ఉండె సేట్. ఇప్పుడు నువ్వు చేసిన పని గూడ తియ్యాలె." సన్నటి పట్టకారుతో విరిగిన మొన లాగి, రెండు తీగలు లోపలికి పోనిచ్చి, చెవి ఒగ్గి విన్నట్టు తల వంచి, పావుగంటలో మూత తెరిచాడు.

వేములవాడ చేరేసరికి అవ్వ గుడి మెట్ల మీద కూర్చుని ఉంది. కోడెను ఒక్కతే తిప్పి, కట్టేసి వచ్చింది. ప్రసాదం నా చేతిలో పెట్టి, "పగ్గానికి నీ చెయ్యి రాలే" అంది. అంతే.

లెక్క ఇది. చాచాకు ఏడు వందలు. కొత్త మూత నాలుగు వందల యాభై. సొట్ట తీసి రంగు వేసినందుకు పన్నెండు వందలు. స్క్రూడ్రైవర్ అరవై. మొత్తం రెండు వేల నాలుగు వందల పది. బెల్లంపల్లిలో మిగిల్చినవి రెండు వేలు పోగా నష్టం నాలుగు వందల పది. అవ్వ బస్సు టికెట్టు సున్నా, ఆడవాళ్లకు ఉచితం. కోడె టికెట్టు ఆమె కొంగుముడి డబ్బులతో కొన్నది. ఇస్తానంటే తీసుకోలేదు. అది నా పేరు మీద బాకీ.